కోచ్ చెప్పగానే కాలు పట్టేసింది

2011 సెప్టెంబరు 19 రాత్రి న్యూజెర్సీలో వైద్యశాస్త్రానికి అంతుపట్టని సంఘటన ఒకటి జరిగింది. న్యూయార్క్ జెయింట్స్‌కీ సెయింట్ లూయిస్ రామ్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. రామ్స్ జట్టు ఎదుటివాళ్లను ఊపిరి పీల్చుకోనివ్వకుండా ఆడుతూ గోల్ గీత దగ్గరికి వచ్చేసింది. జెయింట్స్ డిఫెన్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరికీ పాలుపోవడం లేదు. బంతి ఇంకా కదలలేదు, ఎవరూ ఎవరినీ తాకలేదు. అంతలో డియాన్ గ్రాంట్, జాక్వియన్ విలియమ్స్ అనే ఇద్దరు జెయింట్స్ ఆటగాళ్లు ఒకేసారి కుప్పకూలారు. ఒక పూటకు ఒక రోగి చాలన్న సంగతి తట్టిందో ఏమో, విలియమ్స్ జబ్బు వచ్చినంత వేగంగానూ తగ్గిపోయింది. లేచి తన చోటికి పోయి బుద్ధిగా నిలబడ్డాడు. గ్రాంట్ మాత్రం పడే ఉన్నాడు. ఆట ఆగింది. డిఫెన్స్ ఊపిరి పీల్చుకుంది.

నాకు నిజంగానే దెబ్బ తగిలిందని గ్రాంట్ తర్వాత వాదించాడు. రామ్స్ క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ మాత్రం అదంతా నాటకమని మొహమాటం లేకుండా చెప్పేశాడు. రెండు రోజులు తిరక్కుండానే ఈ లీగ్‌ను నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్ కార్యాలయం జట్లన్నిటికీ తాఖీదు పంపింది: ఇలా దొంగ దెబ్బలతో ఆట ఆపితే జరిమానాలు, సస్పెన్షన్లు, కావాలంటే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మీ వంతులు కూడా పోతాయి, జాగ్రత్త అని. తాఖీదు అందుకున్న జట్లన్నీ ఎంతో శ్రద్ధగా చదివాయి. ముఖ్యంగా, ఇకమీదట ఇద్దరు ఒకేసారి పడకూడదన్న పాఠం బాగా ఒంటబట్టించుకున్నాయి.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, ఆటగాళ్లు శిరస్త్రాణాలు పెట్టుకుంటారు, ఆట ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ఒక్కో ముక్క అయిదారు సెకన్లు. ముక్కకూ ముక్కకూ మధ్య, బంతి చేతిలో ఉన్న ఆఫెన్స్ జట్టు గుండ్రంగా మూగి గుసగుసలాడుకుంటుంది, దాన్ని హడిల్ అంటారు. ఆ సందులో అడ్డుకునే డిఫెన్స్ కూడా అలిసిపోయినవాళ్లను బయటికి పంపి కొత్తవాళ్లను దించుకుంటుంది. ఇంత మర్యాదగా నడిచే వ్యవహారంలో కొందరు కోచ్‌లకు దుర్బుద్ధి పుట్టింది. గుసగుసలు ఎందుకు, సైగలతో సరిపెట్టుకుని వెంటనే మళ్లీ ఆడేద్దాం అన్నారు. కాలేజీ ఆటలో ఒక ముక్కకూ మరో ముక్కకూ మధ్య నలభై సెకన్ల గడువుంటే అందులో సగం కూడా వాడకుండా బంతి అందుకోవడం మొదలెట్టారు. ఆఫెన్స్ మనిషిని మార్చనంతవరకూ డిఫెన్స్ కోసం రెఫరీ ఆట ఆపనక్కర్లేదు. పెళ్లి భోజనాల్లో మనం పప్పన్నంలో ఉండగానే వెనక కుర్చీ పట్టుకుని తర్వాతివాళ్లు నిలబడితే ఎలా ఉంటుందో, నూట నలభై కిలోల లైన్‌మన్‌కు అచ్చం అలాగే ఉంటుంది. పాపం, అతని బాధ నిజమే. కాదనను.

బాధ నిజమైతే మందు కూడా నిజమైనది ఉంది. ఒక్కో జట్టుకు సగం ఆటకు మూడు టైమౌట్లు ఇస్తారు. అడిగి ఆట ఆపుకోవచ్చు. కానీ టైమౌట్ అంటే ఖర్చు. కాలు పట్టేస్తే అప్పట్లో ఖర్చు లేదు. గాయపడినవాడి కోసం రెఫరీ ఆట ఆపి తీరాలి, అతను ఒక్క ముక్క బయట కూర్చుంటే చాలు, మళ్లీ రావచ్చు. ఊరికే వచ్చేదాన్ని కొనుక్కోవడం దేనికని డిఫెన్స్ కోచ్‌లు లెక్క వేసుకున్నారు. లెక్కలో తప్పేం లేదు.

ఇక ఆ పడిపోయే తీరు చూడాలి. మనవాడు ముందు సైడ్‌లైన్ వైపు చూస్తాడు. అక్కడి నుంచి ఏదో సందేశం అందుతుంది. రెండడుగులు మామూలుగానే నడుస్తాడు, ఎందుకంటే ముందు తన చోటికి చేరాలి. అప్పుడు కూర్చుంటాడు. గమనించండి, పడడు, కూర్చుంటాడు. మోకాలు నేలకు ఆనించి, చేత్తో చోటు చూసుకుని, మెల్లగా వెల్లకిలా పడుకుంటాడు. ఏ కాలు పట్టుకోవాలన్నది అప్పటికప్పుడు తేలుతుంది. ఎక్కువమంది పిక్కనో తొడ వెనకభాగాన్నో ఎంచుకుంటారు. ఎముక జోలికి ఎవరూ పోరు, ఎక్స్‌రే ఉందిగా. కండరం పట్టేసిందంటే ఏ యంత్రమూ కాదనలేదు. డాక్టర్లు, ఫిజియోలు పరిగెత్తుకొస్తారు. ఒకడు కాలు పైకెత్తి పాదం వెనక్కి వంచుతాడు, ఇంకొకడు నీళ్ల సీసా అందిస్తాడు. ఈలోగా మిగతా పదిమందీ రోగి వంక కన్నెత్తి చూడరు. తాపీగా సైడ్‌లైన్‌కు నడిచి, నీళ్లు తాగి, కోచ్ చెప్పే పాఠం వింటుంటారు. జట్టులో ఒకడికి ప్రాణం మీదికొస్తే తక్కినవాళ్లంతా ఇంత నిబ్బరంగా ఉండడం ఇంకెక్కడా కనిపించదు. పాఠం పూర్తవగానే రోగి లేస్తాడు, రెండడుగులు కుంటుతాడు, మూడో అడుగుకు ఏ కాలో మరిచిపోతాడు. పెద్దమనుషులైన ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఒక ముక్క గడిచాక అతను ఉరుకుతూ తిరిగొస్తాడు. లూర్దు మాత సన్నిధిలో కూడా ఇంత త్వరగా నయమైన దాఖలాలు లేవు.

ఈ అభినయానికి గురువులు లేరనుకుంటే పొరపాటు. చికాగో బేర్స్ జట్టులో పేరుమోసిన లైన్‌బ్యాకర్ బ్రయన్ అర్లాకర్ 2013లో రిటైరయ్యాక టీవీలో కూర్చుని గుట్టంతా విప్పాడు. సైడ్‌లైన్ మీద ఒక కోచ్ నీళ్లలోకి దూకేవాడిలా చేతులు చాచి సైగ చేసేవాడట. ఎవరు పడాలన్నది కూడా ముందే నిర్ణయమై ఉండేదట. అంటే సైగ ఉంది, పాత్ర ఉంది, పాత్రధారి ఉన్నాడు. తెర, హార్మోనియం ఉంటే పద్యనాటక సమాజానికి లోటేమీ ఉండేది కాదు.

ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. 1953 నవంబరులో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం అయోవాతో ఆడుతోంది. నోటర్‌డేమ్ అంటే కాథలిక్ ఫాదర్లు నడిపే సంస్థ. మొదటి సగం ముగియడానికి రెండు సెకన్లుంది, టైమౌట్లు అయిపోయాయి. ఫ్రాంక్ వారికియోని అనే లైన్‌మన్ నడుం పట్టుకుని పడిపోయాడు. గడియారం ఆగింది. ఆ రెండు సెకన్లలో నోటర్‌డేమ్ టచ్‌డౌన్ కొట్టింది. రెండో సగం చివర మళ్లీ అదే జబ్బు, అదే వైద్యం, అదే ఫలితం. ఓడిపోవాల్సిన ఆట 14-14తో సమమైంది. పత్రికలవాళ్లు ‘ఫైటింగ్ ఐరిష్’ అన్న ఆ జట్టు బిరుదును ‘ఫెయింటింగ్ ఐరిష్’గా మార్చి పారేశారు. ఆ ఏడాది ఒక్క ఆట కూడా ఓడని నోటర్‌డేమ్‌ను చివరి పోలింగులో రెండో స్థానానికి నెట్టి, మేరీలాండ్‌కు మొదటి స్థానం ఇచ్చారు. అప్పట్లో గడియారాన్ని ఆపి ఆట పొడిగించుకోవడానికి పడేవారు, ఇప్పుడు ఎదుటివాడి పరుగు ఆపడానికి పడుతున్నారు. ఏమైనా ఆ రోజుల్లో సిగ్గు అనే వస్తువు ఇంకా మార్కెట్లో దొరుకుతుండేది.

1988 సీజన్‌కు వచ్చేసరికి సిగ్గు స్టాకు తగ్గింది. సిన్సినాటి బెంగాల్స్ కోచ్ శామ్ వైచ్ హడిల్ లేకుండా ఆడిస్తున్నాడు. ప్లేఆఫ్‌లో సియాటిల్ డిఫెన్స్ లైన్‌మన్ ఒకడు పదేపదే నేలకొరిగాడు. అయినా బెంగాల్సే 21-13తో గెలిచింది. తర్వాతి వారం బఫలో బిల్స్‌తో పోరు. బిల్స్ కోచ్ మార్వ్ లీవీ ఈ తొందరపాటు ఆట అన్యాయమని గగ్గోలు పెట్టాడు. ఆట మొదలవడానికి కాస్త ముందు లీగ్ పెద్దలు వైచ్‌ను పిలిచి, హడిల్ లేకుండా ఆడితే పెనాల్టీ జెండా ఎగురుతుందని హెచ్చరించారు. ఎవరిని హెచ్చరించారో చూశారా? దొంగ నొప్పులు నటించినవాడిని కాదు, వేగంగా ఆడినవాడిని. బెంగాల్స్ అప్పుడూ గెలిచిందనుకోండి. అసలు విడ్డూరం తర్వాత జరిగింది. వేగం అన్యాయమన్న ఆ లీవీ గారే రెండేళ్లు తిరక్కుండా హడిల్ లేని ఆటను తన జట్టుకు ప్రధానాయుధం చేసుకున్నాడు. దానికి కే-గన్ అని పేరు కూడా పెట్టారు. ఆ ఆయుధంతో బిల్స్ వరసగా నాలుగేళ్లు లీగ్ ఫైనలైన సూపర్ బౌల్‌కు చేరింది. నాలుగూ ఓడింది, అది వేరే సంగతి. తన చేతిలో లేనంతకాలమే వేగం అధర్మం.

నాకు ఎక్కువ నచ్చిన కథ మాత్రం 2010 నాటిది. ఒరెగన్ విశ్వవిద్యాలయం అప్పుడు దేశంలో మొదటి స్థానంలో ఉంది. కోచ్ చిప్ కెల్లీ జట్టును పరుగులు పెట్టించి, ఎదుటివాళ్ల మీద యాభై పాయింట్లు అలవోకగా పోగేస్తున్నాడు. నవంబరు 13న బర్క్‌లీలో కాలిఫోర్నియా జట్టు ఆ ఒరెగన్‌ను 15 పాయింట్ల దగ్గర కట్టేసింది. డిఫెన్స్ బాగానే ఆడింది, సందేహం లేదు. మధ్యలో కాలిఫోర్నియా లైన్‌మన్ ఒకడు నిక్షేపంగా నిలబడి, సైడ్‌లైన్ వైపు చూసి, ఠక్కున కూలిపోవడం టీవీలో దేశమంతా చూసింది. ఆట 15-13తో ఓడిపోయారు. కుర్రాడికి పడమని చెప్పింది డిఫెన్స్ లైన్ కోచ్ టాష్ లుపోయ్ అని తేలాక విశ్వవిద్యాలయం ఆయన్ను ఒక్క ఆటకు సస్పెండ్ చేసింది. ఆ తర్వాత ఆయన జీవితం ఏమైందంటారా? 2022లో ఆయన డిఫెన్స్ మొత్తానికి పెద్దగా చేరింది ఏ జట్టులోనో తెలుసా, అదే ఒరెగన్‌లో. 2025 డిసెంబరులో ఆయన్ను హెడ్ కోచ్‌గా పిలిచి పీట వేసింది ఎవరో తెలుసా, ఆనాడు సస్పెండ్ చేసిన కాలిఫోర్నియాయే. ఆయన సమర్థుడై ఉండొచ్చు, మనిషి మారి ఉండొచ్చు. నేననేదల్లా ఒకటే. చెప్పినవాడికి ఒక్క ఆట శిక్ష, పడ్డవాడి వీడియో యూట్యూబ్‌లో శాశ్వతం.

ఇది వ్యూహమండీ, మోసం అంటారేంటి అని వాదించేవాళ్లున్నారు. నిబంధన ఒప్పుకున్నదాన్ని వాడుకోవడం తప్పా అంటారు. నిబంధన ఒప్పుకోలేదు. కాలేజీ ఆట రూల్‌బుక్‌లోని నీతి నియమావళి దొంగ గాయాన్ని ఏ కారణంతో నటించినా అనైతికమనే రాసుకుంది. కాకపోతే ఆ నియమావళి రాసిన పేజీకి శిక్ష రాసిన పేజీ చాలా దూరం. వేగం వల్ల ఆటగాళ్ల ఆరోగ్యం పాడవుతోందన్నది రెండో వాదన. 2014లో అలబామా కోచ్ నిక్ సేబన్, ఆర్కన్సా కోచ్ బ్రెట్ బీలెమా వంటి ఉద్దండులు ఈ మాట మీదే నిలబడ్డారు. ముక్కకూ ముక్కకూ మధ్య పది సెకన్లు ఆఫెన్స్ ఆగాల్సిందేనని ప్రతిపాదన కూడా వచ్చింది. సరే, వేగం వల్ల గాయాలు పెరిగాయనడానికి ఆధారం చూపండి అన్నారు వేగం పక్షంవాళ్లు. మార్చి వచ్చేసరికి ప్రతిపాదన వెనక్కి పోయింది. ఆరోగ్యం మీద అంత బెంగ ఉన్నవాళ్లు ఆటగాడికి జబ్బు నటించడం నేర్పరు, అలిసినప్పుడు టైమౌట్ తీసుకుంటారు.

మూడో వాదన కూడా ఉంది: దీనివల్ల ఎవరికి నష్టం, ఓ నిమిషం ఆట ఆగుతుంది, అంతేగా? నష్టం ఎవరికో 2021 అక్టోబరు 9న అయోవాలో తేలింది. పెన్ స్టేట్ జట్టు ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడుతుంటే స్టేడియం మొత్తం ‘బూ’ అని అరిచింది. అరిచినవాళ్లలో ఎవరి తాతైనా 1953 కథ చెప్పి ఉంటాడేమో తెలియదు. ఆట అయ్యాక అయోవా కోచ్ కర్క్ ఫెరెంట్స్, మావాళ్లకు ఏదో మోసం వాసన తగిలిందన్న ధోరణిలో మాట్లాడి ప్రేక్షకులను వెనకేసుకొచ్చాడు. కానీ ఆ రోజు పడ్డవాళ్లలో పెన్ స్టేట్ డిఫెన్స్‌కు వెన్నెముక లాంటి పీజే మస్టిఫర్ ఉన్నాడు. అతని గాయం నిజం. ఆ సీజన్ మొత్తం అతనికి అక్కడితో సరి. ఇంకో చిత్రం, అయోవా ఆఫెన్స్ వేగానికి పేరుపడ్డ జట్టేమీ కాదు. దాన్ని నెమ్మది చేయడానికి ఎవరూ పడిపోనక్కర్లేదు, దానంతటదే నెమ్మదిగా ఉంటుంది. ఈ ముక్కే పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ కోపంగా అడిగాడు. ఎవరు వినాలి? ఎక్కడెక్కడో పడ్డ దొంగ రోగులందరి బాకీ ఆ రోజు ఒక నిజం రోగి తీర్చాడు.

తప్పుడు అనుమానం జట్లకూ ఎదురైంది. 2022 డిసెంబరులో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఆటగాడు క్యామరన్ జోర్డన్ దెబ్బ నటించాడని ఎన్‌ఎఫ్‌ఎల్ అతనికి 50 వేల డాలర్లు, జట్టుకూ కోచ్‌లకూ కలిపి మరో 5 లక్షలు జరిమానా వేసింది. అతను పాదం బెణికిందన్నాడు, అప్పీలుకు వెళ్లాడు, జరిమానా మొత్తం ఎగిరిపోయింది. కండరంలోకి తొంగి చూసే రెఫరీ ఇంకా పుట్టలేదు. మోసగాడి ధీమా అంతా అదే. నొప్పి అంటే ఎంత కరుకు మనిషైనా ఆగి చూస్తాడన్న నమ్మకం మీద అతను వ్యాపారం చేసుకుంటున్నాడు.

ఇంతకీ మనం అమెరికావాళ్లను చూసి ముక్కు మీద వేలేసుకునే ముందు మన క్రికెట్ సంగతీ చూసుకోవాలి. 2024 టీ20 ప్రపంచకప్‌లో అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్ ఆట మీద మబ్బులు కమ్ముకున్నాయి. కోచ్ జొనాథన్ ట్రాట్ బయటి నుంచి నెమ్మది, నెమ్మది అని చేత్తో సైగ చేశాడు. స్లిప్‌లో ఉన్న గుల్బదిన్ నాయబ్ వెంటనే తొడ పట్టుకుని నేల మీద వాలాడు. కాసేపటికి వచ్చి బౌలింగ్ చేసి వికెట్టు కూడా తీశాడు. మన దేశమంతా పకపకా నవ్వింది. నవ్వి వారం తిరక్కుండా బార్బడోస్‌లో ఫైనల్. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలి. రిషభ్ పంత్ మోకాలికి పట్టీ వేయించుకోవడానికి ఆట ఆగింది. వాళ్ల ఊపు తెగింది, కప్పు మనకొచ్చింది. అదంతా పంత్ తెలివేనని కొన్ని నెలలకు రోహిత్ శర్మ కపిల్ శర్మ షోలో చెప్తే స్టూడియో మొత్తం చప్పట్లు కొట్టింది. పంత్ మోకాలు కారు ప్రమాదంలో నిజంగా దెబ్బతిన్నదే. అందుకే ఆ పట్టీని ఎవరూ అనుమానించలేదు. గుల్బదిన్‌ది నాటకం, పంత్‌ది సమయస్ఫూర్తి. కురుక్షేత్రంలో ‘కుంజరః’ అన్న మాటను శంఖనాదంలో కలిపేసిన జాతి కదా మనది, ఏ గొంతు ఎక్కడ తగ్గించాలో మనకు ఒకరు నేర్పాలా?

మళ్లీ అమెరికాకు వద్దాం. 2022లో కాలేజీ ఆట పెద్దలు, అనుమానం ఉన్న గాయాల వీడియోలు ఆట అయ్యాక పంపితే జాతీయ రెఫరీల పెద్ద చూసి అభిప్రాయం చెబుతాడన్నారు. శిక్ష మాత్రం కాన్ఫరెన్స్‌లనే కాలేజీ కూటములూ కాలేజీలే చూసుకోవాలి. అంటే దొంగతనం జరిగాక స్టేషన్లో రాసుకుంటారు, దొంగను మాత్రం వాళ్ల ఇంటివాళ్లే మందలించుకోవాలి. రెండేళ్లు గడిచాక, 2024 నవంబరులో, ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ కమిషనర్ గ్రెగ్ శాంకీకి ఓపిక నశించింది. మిసిసిపీ జట్టు మీద ఆరోపణలు రోజురోజుకీ పెరుగుతున్న సమయం అది. ఈ నాటకాలు కట్టిపెట్టి ఫుట్‌బాల్ ఆడండని రాస్తూ, ఇకమీదట దొంగ గాయం బయటపడితే హెడ్ కోచ్‌కు 50 వేల డాలర్లు, రెండోసారి లక్ష, మూడోసారి ఒక ఆట సస్పెన్షన్ అన్నాడు. ఏడాదికి కోటి డాలర్ల చుట్టుపక్కల జీతం తీసుకునే కోచ్‌లున్న కాన్ఫరెన్స్ అది. వాళ్లకు 50 వేలంటే వణుకు పుట్టదు. అయినా శిక్ష ఈసారి సరైన మనిషి చిరునామా కనుక్కుంది. అందుకు శాంకీ గారికి ఒక దండం.

2025లో దేశమంతటా కాలేజీ ఆటకు కొత్త రూలొచ్చింది. రెఫరీ బంతిని తర్వాతి ముక్కకు నేల మీద పెట్టేశాక ఎవరైనా పడిపోయి డాక్టర్లు లోపలికి వస్తే, అతని జట్టుకు ఒక టైమౌట్ పోతుంది. టైమౌట్లు లేకపోతే అయిదు గజాలు వెనక్కి. గాయం నిజమా అబద్ధమా అని తేల్చే పూచీ ఎవరికీ లేదు. తెలివైన రూలే. ఊరికే వచ్చినదానికి ధర కట్టారు. కానీ ఆ ధర బంతి నేల మీద పెట్టాకే. పెట్టక ముందు పడితే ఉచితమే. నిజంగా అప్పుడే కాలు పట్టేసినవాడికి కూడా ధర తప్పదు. దొంగకు గడువు, నిజాయితీపరుడికి బిల్లు. ఇప్పుడు మైదానాల్లో కోచ్‌లు కొత్తగా ఏం నేర్పుతూ ఉంటారో ఊహించడం కష్టం కాదు. ముక్క ముగియగానే పడాలి, ఆలస్యం చేయకూడదు. హడిల్ మానేసి ఆఫెన్స్ నేర్చుకున్న వేగాన్ని డిఫెన్స్ పడిపోవడంలో నేర్చుకుంటుంది.

డల్లాస్‌లో, అట్లాంటాలో, కొలంబస్‌లో ఉంటూ శనివారాలు పిల్లలతో కలిసి ఈ ఆటలు చూసే తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. మైదానంలో ఎవరైనా పడిపోతే పిల్లలతో పాటు మీరూ ‘బూ’ అనకండి. పడ్డవాడికి పందొమ్మిదేళ్లుంటాయి. వాడి కాలు సంగతి మీకూ తెలియదు, నాకూ తెలియదు. వాడిని వదిలేసి సైడ్‌లైన్ మీద టోపీ పెట్టుకుని నిలబడ్డాయన చేతుల వైపు చూడండి. అరవాలనిపిస్తే ఆయన మీద అరవండి.